సంతోషి మీద సర్కారు ఖర్చు

మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా దానికి కారణం నేనేనని మా ఆయన అంటాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందన్నది నిజమే, కాదనను. ఈ ఒక్క గొడవకు మాత్రం మూలం బ్రహ్మచారి సారు. పేరుకు బ్రహ్మచారే గానీ ముగ్గురు పిల్లల తండ్రి. సూరత్‌లో మేముండే గోడాదరాలో కార్పొరేషన్ తెలుగు బడి ఒకటుంది. అందులో నాలుగు, ఐదు తరగతులు రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఆయనే చెబుతాడు. కరోనా వచ్చి బడి మూతపడ్డాక కూడా ఆయన ఊరుకోలేదు. వారానికి మూడు రోజులు మా వీధిలోకి వచ్చి, మా బిల్డింగు మెట్ల మీద పిల్లలను దూరం దూరంగా కూర్చోబెట్టి, మూతికి మాస్కు కట్టుకుని పాఠం చెప్పేవాడు. మిగతా రోజులు ఫోన్లో లెక్కలు పంపేవాడు.

కరోనా రెండో ఏడు, ఆగస్టు నెలలో అలా పంపిన లెక్క ఒకటి మా కొంప ముంచినంత పని చేసింది. మీ ఒక్కొక్కరి చదువుకు సర్కారు నెలకు ఎంత ఖర్చు పెడుతుందో కనుక్కోండి అని ఆ లెక్క. పిల్లలకు భాగహారం రావాలని ఆయన ఉద్దేశం, అంతకు మించి ఏమీ లేదు. కావలసిన అంకెలు కూడా ఉజ్జాయింపుగా ఆయనే ఇచ్చాడు. సారు జీతం, ఊడ్చే ఆమె జీతం, కరెంటు, నీళ్లు, గోడలకు సున్నం అన్నీ కలిపి ఆ గదికి నెలకు యాభై నాలుగు వేలు అనుకోవాలి. దాన్ని గదిలో ఉన్న పిల్లల సంఖ్యతో భాగించాలి. ఆపైన పుస్తకాలకు, బట్టలకు, మధ్యాహ్న భోజనానికి బదులు ఇంటికిచ్చే గింజలకు తలా ఐదు వందలు కలపాలి.

మా సంతోషి ఐదో తరగతి. నేను చీరలకు తళుకు రాళ్లు అతికిస్తుంటే నా పక్కనే నేల మీద బోర్లా పడుకుని లెక్క చేసింది. కరోనాకు ముందు ఆ గదిలో నలభై ఒక్క మంది ఉండేవాళ్లు. లాక్‌డౌన్‌లో బట్ట నేసే సాంచెలు ఆగిపోయి తెలుగువాళ్లంతా పిల్లాజెల్లాతో వరంగల్, కరీంనగర్ వైపు రైళ్లెక్కి వెళ్లిపోయాక, ఇప్పుడు తొమ్మిది మందే మిగిలారు. యాభై నాలుగు వేలను తొమ్మిదితో భాగిస్తే ఆరు వేలు. ఐదు వందలు కలిపితే ఆరువేల ఐదు వందలు.

నేను చేతిలో జిగురు సీసా కింద పెట్టేశాను. నెలంతా నడుం పడిపోయేలా రాళ్లు అతికించినా నాకు నాలుగు వేలు రావు. అలాంటిది, ఎక్కడి నుంచో బతకడానికొచ్చిన మాలాంటి వాళ్ల పిల్ల మీద ఈ ఊరి సర్కారు నెలకు ఆరువేల ఐదు వందలు పెడుతోందా అని నా కడుపు నిండిపోయింది. నేను కూడా ఈ బడిలోనే ఏడో తరగతి దాకా చదివాను. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ బడి చలవే. కడుపు నిండిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది మాత్రం భాగ్యలక్ష్మి.

భాగ్యలక్ష్మి నా మరిది భార్య, నాకు యారాలు. వాళ్లది వరంగల్. మనిషి మంచిదే. కానీ లాక్‌డౌన్‌లో మేము ఇక్కడ ఇరుక్కుపోయినప్పుడు రోజూ ఫోన్ చేసి, అక్కా, మా బడి పిల్లలకు సన్నబియ్యం ఇస్తున్నారు, మీ సూరత్‌లో ఏమిస్తున్నారు అని అడిగేది. మా మీద బెంగతోనే అడిగేదని నాకు తెలుసు. అయినా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నా వంతు వచ్చింది. వాళ్ల బిడ్డ లతది సంతోషి ఈడే, అక్కడి సర్కారు బడిలో ఐదో తరగతి. ఆ లెక్కేదో లతను కూడా చేయమని సంతోషి చేత చెప్పించాను.

రెండు రోజులకు వరంగల్ లెక్క వచ్చింది. లత వాళ్ల సారు గదికి అరవై వేలు అనుకోమన్నాడట. గదిలో నలభై ఎనిమిది మంది. తలా పన్నెండు వందల యాభై, బట్టలకు, పుస్తకాలకు, బియ్యానికి ఆరు వందలు, మొత్తం పద్దెనిమిది వందల యాభై. నేను వీడియో కాల్ చేసి, మీ సర్కారు జర పొదుపు చేస్తున్నట్టుంది భాగ్యా అన్నాను.  ప్రైవేటు బడులకు ఫీజులు కట్టలేక అందరూ సర్కారు బడికే వచ్చారనీ, బడి తెరిస్తే కూర్చోడానికి చోటు చాలదనీ ఆమె మెల్లగా చెప్పింది. పక్క నుంచి లత, మీ సూరత్ నుంచి వచ్చినవాళ్లే మా క్లాసులో ఎనిమిది మంది ఉన్నారు పెద్దమ్మా, రజిత కూడా మాతోనే ఉంది అని చెప్పింది. గెలిచిన సంబరంలో నేను ఆ మాట సరిగా చెవిన పెట్టలేదు. సంతోషి మాత్రం ఫోన్ తీసుకుని బయట మెట్ల మీదకు వెళ్లిపోయింది.

రజిత అంతకుముందు మా పక్క గదిలో ఉండిన గణపతి బిడ్డ. ఒకటో తరగతి నుంచి సంతోషి, ఆ పిల్ల ఒకే బెంచీ. వాళ్లు వెళ్లిపోయిన రోజు మా పిల్ల అన్నం ముట్టలేదు. మర్చిపోయిందిలే అనుకున్నాను.

ఆరువేల ఐదు వందల సంగతి నేను గోడాదరా అంతా చాటాను. కూరగాయల బండి దగ్గర చెప్పాను, రాళ్ల పని తెచ్చిచ్చే సేఠాణీకి చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. సెప్టెంబరులో బడి కమిటీ మీటింగు పెట్టారు. పిల్లల తల్లులలో నన్ను కూడా మెంబరుగా వేసుకున్నారు. కార్పొరేషన్ ఆఫీసు నుంచి ఒక సాహెబ్ ఫైలు పట్టుకుని వచ్చాడు. నెమ్మదైన మనిషి. తల్లిదండ్రులు ఏమైనా చెబుతారా అని అడిగాడు. నేను లేచి నిలబడి, నాకొచ్చిన గుజరాతీలో, నా ఒక్క బిడ్డ మీద మీరు నెలకు ఆరువేల ఐదు వందలు పెడుతున్నారు, మా సొంత ఊళ్లో అయితే పద్దెనిమిది వందల యాభైయే పెడుతున్నారు, మీకు దండం అని చేతులు జోడించాను. పక్కన బ్రహ్మచారి సారు నుదురు పట్టుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

సాహెబ్ నా మాట శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత ఫైలు తెరిచి, ఊర్మిళాబెన్, నేను వచ్చింది ఈ విషయం మీదే, ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను, మీరే చెప్పేశారు అన్నాడు. ఒక్కో పిల్లకు ఇంత ఖర్చయ్యే గదిని నడపడం కష్టమట. ఈ డబ్బుతో ఇంకో చోట మూడు గదులు నడుస్తాయట. దీపావళి సెలవులయ్యాక చిన్న తరగతులు తెరుస్తారు, అప్పుడు వచ్చి లెక్కపెడతాను, ఇరవై ఐదు మంది ఉంటే సరే, లేకపోతే ఈ గదికి తాళం వేసి పిల్లలను వేరే బడిలో కలుపుతాం అన్నాడు. ఆ వేరే బడికి రెండు బస్సులు మారాలి. పదేళ్ల పిల్లలను అంత దూరం ఎవరు పంపుతారు? ఎదురుగా ఉన్న గుజరాతీ బడిలోనో హిందీ బడిలోనో వేస్తారు. ఆ పిల్లలు తమ తండ్రి పేరును కూడా తెలుగులో రాయలేరు.

ఇంటికొచ్చి మా ఆయన ముందు సాహెబ్‌ను తిట్టడం మొదలుపెట్టాను. మా ఆయన పరమేశ్ ఊరవతల సచిన్‌లో ఒక కార్ఖానాలో సాంచెల మాస్టరు. సాంచెలు బాగుచేయడం, పనివాళ్లను తెచ్చి నిలబెట్టడం ఆయన పని. నేను అలిసిపోయేదాకా ఆగి అన్నాడు.

"పోయినేడు లాక్‌డౌన్ ఎత్తేసినంక మా కార్ఖానల నలభై సాంచెలకు ఆరే నడిచినయ్. కిరాయి తగ్గలే, నా పగారు తగ్గలే, వాచ్‌మన్ పగారు తగ్గలే. గదంత ఆ ఆరు సాంచెల గుడ్డ మీదనే పడ్డది. మీటరు ధర యాడికో పోయింది. మరి సేఠ్ ఏమన్న డప్పు కొట్టుకున్నడా, నా గుడ్డ ఎంత ఖరీదుందో చూడుండ్రి అని? తల పట్టుకున్నడు. నువ్వు నడువని సాంచెలను చూపెట్టి దండం పెట్టినవ్."

 ఆ ఆరు సాంచెల కథ మా ఇంట్లో ఆరు నెలలు రోజూ అన్నంతో పాటు తిన్నదే. మీటరు లెక్క నాకు నిద్రలో అడిగినా వస్తుంది. సాంచెల మీద బతికేదాన్ని అయ్యుండి, పిల్లల దగ్గరికొచ్చేసరికి అదే లెక్క నాకు కనబడలేదు. సంతోషి గోడకానుకుని కూర్చుని మా మాటలు వింటోంది. నాకది ముందే తెలుసమ్మా అంది. అందరూ వెళ్లిపోయారు కాబట్టే తాను అంత ఖరీదయ్యానని దానికి లెక్క చేసిన రోజే తెలిసిందట. మరి ఎందుకు చెప్పలేదే అంటే, నువ్వు సంబరపడుతున్నవ్ గదా అంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

సిగ్గు తగ్గాక కోపం వచ్చింది. మర్నాడు బ్రహ్మచారి సారు దగ్గరికి పోయి, ఊళ్లో ఉన్న పిల్లల పేర్లు రిజిస్టర్లో రాసేయండి, ఎవరొచ్చి చూస్తారు అన్నాను. సారు నవ్వి ఊరుకున్నాడు. నా వెంట వచ్చిన సంతోషి మాత్రం ఊరుకోలేదు. లేనివాళ్లతో భాగిస్తే లెక్క తప్పయితది గదమ్మా అని అడిగింది. సారు ఎదుటే అడిగింది. 

దారి మా ఆయనకే దొరికింది. దీపావళికి సూరత్‌లో సాంచెలన్నీ ఆగిపోతాయి. మళ్లీ లాభ్ పాంచమ్ నాడు పూజ చేసి తిప్పుతారు. ఆ రోజుకు పనివాళ్లను ఊళ్ల నుంచి ఫోన్లు చేసి రప్పించడం మాస్టర్ల పని. ఈసారి ఆర్డర్లు బాగున్నాయి, ఇరవై మంది దాకా కావాలని సేఠ్ చెప్పాడు. కరోనా తర్వాత సేఠ్‌లందరూ ఒంటరి మగవాళ్లనే అడుగుతున్నారు. పది మంది ఒక గదిలో సర్దుకుంటారు, పగటివాళ్లు లేస్తే రాత్రివాళ్లు అదే పరుపు మీద పడుకుంటారు. మా ఆయన సేఠ్‌తో ఒకటే మాట చెప్పాడట. మొన్న రెండోసారి కరోనా వచ్చినప్పుడు మొదట రైలెక్కింది ఒంటరివాళ్లే, పెళ్లాం పిల్లలు ఇక్కడున్నవాడు సాంచె వదిలి పోలేదు, కాబట్టి సంసారులనే తెస్తాను అని. అది నిజమే కావడంతో సేఠ్ సరేనన్నాడు.

ఇక చూడాలి ఆయన ఫోన్లు. నీకు ఎన్ని సాంచెలు నడపడం వచ్చు అని అడగాల్సింది పోయి, నీ పిల్ల నాలుగా ఐదా అని అడిగేవాడు. మూడో తరగతి అంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఒకతను తనకింకా పెళ్లే కాలేదంటే, మరి నాకెందుకు ఫోన్ చేసినవ్ అని పెట్టేశాడు. చేసింది తానేనన్న సంగతి కూడా మర్చిపోయాడు. నేను గదుల కోసం గోడాదరా సందులన్నీ తిరిగాను. ఏడాదిన్నర ఖాళీగా పెట్టుకుని కూర్చున్న గదులకు అంత డిపాజిట్ ఏంటని ఇంటి ఓనర్లతో కొట్లాడి సగానికి తగ్గించాను. నా నోరు ఒకరికి ఉపయోగపడింది అదే మొదటిసారి అని మా ఆయన అన్నాడు.

అన్నీ కుదురుతున్నా గణపతి ఒక్కడు కుదరలేదు. అతను మొదటి కరోనా తగ్గగానే ఒక్కడే తిరిగొచ్చి సూరత్ అవతలి కిమ్‌లో పనికి చేరాడు. భార్య సారక్క, రజిత వరంగల్‌లో సారక్క తల్లిగారింట్లోనే ఉండిపోయారు. మా ఆయన ఒక సెలవు రోజు బండేసుకుని కిమ్ దాకా పోయి అడిగాడు. తనకు ఇష్టమే గానీ సారక్క రానంటోందని గణపతి చెప్పాడట. లాక్‌డౌన్‌లో ఊరికి పోయేటప్పుడు మే నెల ఎండలో రైలు కోసం రెండు రోజులు రోడ్డు పక్కన కూర్చున్నారు వాళ్లు. మళ్లీ సూరత్ గడప తొక్కనని సారక్క అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ రెండు రోజులూ వాళ్లకు ఇంత అన్నం మూట కట్టి తీసుకుపోలేకపోయానన్న బాధ నాకింకా ఉంది.

సారక్క ఎదురుగా కూర్చుని నచ్చజెప్పడానికి వరంగల్‌లో నాకున్న మనిషి ఒక్కతే. నేను ఎవరి ముందు గొప్పలకు పోయానో ఆమే. ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు పెట్టేశాను. మూడోసారి భాగ్యలక్ష్మి ఎత్తగానే, జరిగిందంతా దాచకుండా చెప్పేశాను. నేను చూపించుకున్న ఆరువేల ఐదు వందలు ఇక్కడి నుంచి వెళ్లిపోయిన పిల్లల ఖర్చు భాగ్యా, నాకు తెలియక నిన్ను చిన్నబుచ్చాను అన్నాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆమె లతను కేకేసి ఏదో అడిగింది.

"ఏడువకక్కా. సారక్క ఇల్లు యాడుందో లతకు తెలుసు. నేను పోయి కూసుంట."

అన్నట్టే పోయి కూర్చుంది. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. మొదటి రోజు సారక్క చాయ్ కూడా ఇవ్వలేదట. భాగ్యలక్ష్మి అంతటితో ఆగకుండా, లత క్లాసులో ఉన్న మిగతా సూరత్ పిల్లల ఇళ్లకూ పోయింది. చాలామంది పనికి వద్దామనే ఉన్నారు, పిల్లలను ఎక్కడ దింపాలో తెలియక ఆగారు. గది ఉంది, బడి ఉంది అనగానే కదిలారు. బడి కాగితాలు కూడా ఆమే వెంటపడి తీయించింది. సారక్క మాత్రం అటో ఇటో తేల్చలేదు.

నవంబరు చివర్లో చిన్న తరగతులు తెరిచారు. రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున పిల్లలు వస్తున్నారు. వారం దాటాక ఒక ఉదయం సాహెబ్ ఫైలుతో దిగాడు. ఆ రోజు పొద్దున గదిలో ఇరవై నాలుగు మంది ఉన్నారు. నేను రెండుసార్లు వేలితో లెక్కపెట్టాను, రెండుసార్లూ ఇరవై నాలుగే. ముందు రోజు సాయంత్రం వరంగల్‌లో నవజీవన్ రైలు ఎక్కిన రెండు కుటుంబాలు ఇంకా దారిలోనే ఉన్నాయి, వాళ్లకు ఇద్దరు పిల్లలు. సారక్క ఎక్కిందో లేదో తెలియదు, ఆమె ఫోన్ కలవడం లేదు, భాగ్యలక్ష్మి స్టేషన్ దాకా వెంట పోయిందని మాత్రం తెలుసు. ఆ రైలు మధ్యాహ్నానికి గానీ సూరత్ చేరదు. మా ఆయన, గణపతి స్టేషన్‌కు పోయారు.

నేను సాహెబ్ దగ్గరికి పోయి పిల్లలు రైల్లో ఉన్నారని చెప్పాను. రైల్లో ఉన్న పిల్లలను రాసుకునే గడి నా కాగితంలో లేదు ఊర్మిళాబెన్ అన్నాడు. నేను కోపంగా ఏదో అనబోయాను. ఆ మాట మింగేసి, చాయ్ తాగుతారా అని అడిగాను. ఆయన నా ముఖం చూశాడు. తాగుతాను, ఈలోపు పాత రిజిస్టర్లు కొన్ని చూడాల్సి ఉంది అన్నాడు. ఆ పాత రిజిస్టర్లలో చూడాల్సిందేమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకటిన్నర దాకా ఆయన మూడు చాయ్‌లు తాగాడు. మళ్లీ ఎప్పుడైనా కనబడితే ఆ మనిషికి కడుపునిండా భోజనం పెట్టాలి.

ఒకటిన్నర దాటాక గేటు ముందు ఆటో ఆగింది. సంచులు, మూటలు, వాటి మధ్యలోంచి మొదట ఇద్దరు పిల్లలు దిగారు. ఆ వెనక సారక్క దిగింది. ఆమె కొంగు పట్టుకుని రజిత దిగింది. జానెడు పొడవు పెరిగింది పిల్ల. సారక్క బడిని పైనుంచి కింద దాకా చూసి, నా దగ్గరికొచ్చింది.

"మీ యారాలు నన్ను వదిలిపెట్టలే. అక్కడ తొమ్మిదిమంది పిల్లల మీద నలభై మంది భారం పడ్డది, నీ బిడ్డ పోయి పంచుకోకుంటె ఎట్ల అన్నది. గిదేం భారమో నాకైతె సమజ్ కాలే. రైలెక్కిన."

ముఖాలు కడగకుండానే ముగ్గురినీ గదిలోకి పంపాం. సంతోషి బెంచీ మీద పక్కన చోటు ఖాళీగానే ఉంది. ఆ చోట ఎవరు కూర్చోబోయినా మా పిల్ల వారం రోజులుగా లేపేస్తోందని బ్రహ్మచారి సారు తర్వాత చెప్పాడు. రజిత వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, సిగ్గుపడి ఇద్దరూ బోర్డు వైపే చూస్తూ కూర్చున్నారు. సాహెబ్ ఒక్కొక్క బెంచీ దగ్గర ఆగి లెక్కపెట్టి ఇరవై ఏడు అని రాసుకున్నాడు. తాళం సంగతి ఇక ఎత్తలేదు. పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టాడు.

అప్పుడే భాగ్యలక్ష్మి ఫోన్ చేసింది. సారక్క దిగిందని చెప్పాను. ఇక ఆమెకు మాటలు ఆగడం లేదు. ఎనిమిది మంది వచ్చేశాక లత మళ్లీ లెక్క కట్టిందట. ఇప్పుడు మాది ఇరవై ఒక్క వందలు అయింది అక్కా, మా సర్కారు ఖర్చు పెంచింది చూడు అని నవ్వుతోంది. నేను కూడా నవ్వాను. ఇంత మంచి మనిషి మీద అన్ని రోజులు ఎలా మండిపడ్డానో నాకే ఆశ్చర్యం వేసింది.

బడి వదిలాక సంతోషి అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది. ఒక చేత్తో నోటు పుస్తకం, ఇంకో చేత్తో రజిత చెయ్యి పట్టుకుని ఉంది. పుస్తకం తెరిచి నా ముఖం ముందు పెట్టింది. యాభై నాలుగు వేలను ఇరవై ఏడుతో భాగించి, ఐదు వందలు కలిపి, కింద రెండు గీతలు గీసింది.

"రెండు వేల ఐదు వందలే. నాలుగు వేలు తగ్గిన. అమ్మా, నేను అగ్గువైన."

ఆరువేల ఐదు వందలప్పుడు ఒక్కసారి కూడా నవ్వని పిల్ల, ఆ మాట చెప్పి వీధి చివరిదాకా గెంతుకుంటూ పోయింది.